పెన్నీలు, పిడికెడు బియ్యం, డిచ్‌పల్లి

డిచ్‌పల్లి పేరు చెబితే మా వయసు వాళ్ళకి గుర్తొచ్చేవి మూడు: గుట్ట మీది రామాలయం, 2006లో పెట్టిన తెలంగాణ యూనివర్సిటీ, పోలీసు బెటాలియన్. నాలుగోది ఒకటుంది. పెద్దవాళ్ళు దాని మాట ఎత్తేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తారు. పెద్దరోగం దవాఖాన. కుష్ఠు అనే మాట నోట పలకడానికి కూడా జంకి, దానికి ‘పెద్దరోగం’ అని పేరు పెట్టుకున్న జనం మనం. 1915లో మొదలైన ఆ ఆసుపత్రి చరిత్రలోకి నేను వేరే దారిలో వచ్చాను. పిల్లలకి సేవ చెయ్యడం ఎలా నేర్పుతారు, అసలు నేర్పగలరా అన్నది నా ప్రశ్న.

ఈ ప్రశ్న ఎందుకంటే, ఇప్పుడు నా చుట్టూ ఉన్న స్నేహితులందరికీ పిల్లలున్నారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెలకొకసారైనా ఒక మెసేజ్ వస్తుంది: మా బాబు బర్త్‌డే ఈసారి అనాథాశ్రమంలో చేస్తున్నాం, పిల్లలకి విలువలు తెలియాలి కదా అని. కేకు, బిర్యానీ ప్యాకెట్లు, ఫొటోలు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ ఫొటోల్లో పుట్టినరోజు బాబు కేకు కోస్తుంటే, వరసలో నిలబడి చప్పట్లు కొడుతున్న పిల్లల వైపే నా చూపు పోతుంది. ఆ పూట ఒక పిల్లవాడు ఇవ్వడం నేర్చుకున్నాడు. ముప్పై మంది పిల్లలు ఏం నేర్చుకున్నారు?

ఈ లెక్క కొత్తది కాదు. పిల్లలకి సేవ నేర్పడమనే పనిని ఒక వ్యవస్థగా, రసీదు పుస్తకాలతో, మెడల్స్‌తో సహా నడిపిన వాళ్ళలో పందొమ్మిదో శతాబ్దపు బ్రిటిష్ ప్రొటెస్టెంట్లు ముందు వరసలో ఉంటారు. 1844లో లండన్ మిషనరీ సొసైటీకి పసిఫిక్ దీవుల మధ్య తిరగడానికి ఓడ కావాల్సి వచ్చింది. ఆ డబ్బు పిల్లలు పోగుచేశారు. పెన్నీ పెన్నీ కలిపి ఆరు వేల పౌండ్లకు పైనే. ఎర్రొమాంగా దీవిలో 1839లో చంపబడ్డ మిషనరీ పేరు మీద ఆ ఓడకి ‘జాన్ విలియమ్స్’ అని పేరు పెట్టారు. ఓడలో తమ పెన్నీ వాటా ఉందన్న మాట ఒక పదేళ్ళ పిల్ల మనసులో ఏం చేసి ఉంటుందో ఊహించండి. ఈ కాలపు క్రౌడ్‌ఫండింగ్ యాప్‌లు ఏవీ అంత బాగా అల్లలేదు ఆ కథని.

వెస్లియన్ మెథడిస్టులకీ ఇలాంటి పిల్లల సంఘమే ఉండేది, జువెనైల్ మిషనరీ అసోసియేషన్ అని. పిల్లలు కలెక్షన్ పుస్తకం పట్టుకుని చుట్టాలిళ్ళకీ, ఇరుగుపొరుగు వాళ్ళ దగ్గరికీ వెళ్ళి, వారానికింతని వసూలు చేసి తెచ్చేవాళ్ళు. బాగా వసూలు చేసినవాళ్ళకి మెడల్. ఆదివారం బడిలో మ్యాజిక్ లాంతరు బొమ్మలు వేసి ఆఫ్రికా, చైనా, ఇండియా చూపించేవారు. ఆ ఇండియాలో నిజాం రాజ్యం కూడా ఒక భాగం. 1880 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో మొదలైన వెస్లియన్ మిషన్ మెల్లగా మెదక్‌కీ, మన ఇందూరుకీ పాకింది.

ఆ పిల్లల పద్ధతిలో ఒక సుగుణం ఉంది, ఒక దోషం కూడా. సుగుణం ఏమిటంటే, అది ఒక్కరోజు పండగ కాదు. వారం వారం వెళ్ళాలి, తలుపు కొట్టాలి, కొందరు విసుక్కుంటే పడాలి, లెక్క రాయాలి. అడగడంలో ఉండే సిగ్గుని చిన్నప్పుడే దాటించడం అంటే తక్కువ విషయమేం కాదు. దోషం చూడండి: సాయం అందుకునేవాడు ఎప్పుడూ లాంతరు వెలుగులో ఒక బొమ్మ. అతను మాట్లాడడు. అతనికి పేరుంటే ఉంటుంది, లేకపోతే లేదు. మెడల్ వచ్చేది మాత్రం పుస్తకం పట్టుకున్న పిల్లకి.

అలాంటి చర్చి ప్రపంచం నుంచి వచ్చిన మనిషే ఇసబెల్ కెర్. స్కాట్లండ్‌లో 1875లో పుట్టింది. పెళ్ళికి ముందు ఇంటిపేరు గన్. ఆడవాళ్ళు డాక్టరీ చదవడం ఇంకా వింతగా ఉన్న రోజుల్లో అబర్డీన్ యూనివర్సిటీలో వైద్యం చదివి 1903లో పట్టా తీసుకుంది. జార్జ్ కెర్ అనే మెథడిస్టు మిషనరీని చేసుకుంది. 1907లో ఇద్దరూ హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో వైద్యం చేస్తుంటే ఆమె కంటపడ్డది కుష్ఠు రోగులు. జ్వరానికీ కాన్పుకీ ఏదో ఒక దిక్కుంది, వీళ్ళకి లేదు. ఊరి బయటే బతుకు, ఊరి బయటే చావు. 1911లో నిజామాబాద్‌లోనే వాళ్ళకోసం చిన్న కేంద్రం పెట్టారు. వచ్చేవాళ్ళు పెరిగారు, చోటు చాలలేదు. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి కట్టారు, విక్టోరియా పేరు మీద.

ఆ ఆసుపత్రికి డబ్బు ఎవరిచ్చారు? ఇక్కడే సండే స్కూల్ కథ కొంచెం తడబడుతుంది. పెద్ద మొత్తం ఇచ్చి పని ముందుకు నడిపించినవాడు రాజా నర్సాగౌడ్. హిందువు. ఈ నేల మనిషి. లాంతరు బొమ్మల్లో నర్సాగౌడ్ లాంటివాడికి చోటుండదు. ఆ బొమ్మలో తెల్లవాళ్ళు ఇస్తారు, నల్లవాళ్ళు తీసుకుంటారు. డిచ్‌పల్లిలో జరిగింది చూస్తే, రాజ్యం ముస్లిం నవాబుది, డబ్బు ఒక హిందువుది, చేతులు ఒక స్కాటిష్ క్రైస్తవురాలివి, రోగులు అన్ని కులాల వాళ్ళూ. ఆమెని అక్కడ నిలబెట్టింది క్రైస్తవ విశ్వాసమే, దాన్ని చిన్నది చెయ్యడం నా ఉద్దేశం కాదు. కాని ఆ విశ్వాసం చేసిన పని, తనకి బయటివాళ్ళని కూడా కలుపుకుంటేనే నిలబడింది. పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు నర్సాగౌడ్‌ని వదిలేస్తే ఆ కథ సగం అబద్ధం. ఇసబెల్‌ని వదిలేసినా అంతే. మా ఊళ్ళో రెండు రకాలుగానూ చెప్పేవాళ్ళు ఉన్నారు.

మొదట్లో ఆమె చేతిలో మందు లేదనే చెప్పాలి. 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ ఈ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు గాని, దాన్ని చంపేది ఏదీ దొరకలేదు. ఉన్నదల్లా చాల్‌మోగ్రా నూనె. తాగితే కడుపులో తిప్పేది, చర్మానికి రాస్తే అంతంత మాత్రం. కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూయిర్ వంటివాళ్ళు ఆ నూనె నుంచి ఇంజెక్షన్లు తయారుచేశాక పరిస్థితి కొంత మారింది. ఆమె ఆ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చింది. నొప్పెట్టే ఇంజెక్షన్లు, వారాల తరబడి, నెలల తరబడి. 1923లో ఆమెకి కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చారు. 1932లో చనిపోయింది. డిచ్‌పల్లిలో పనిచేసిన జాన్ లోవ్ అనే డాక్టర్ తర్వాత కలకత్తాకీ, ఆ పైన నైజీరియాలో ఉజువకోలికీ వెళ్ళాడు. కుష్ఠుకి డాప్సోన్ మాత్ర నోటితో ఇచ్చి, చవకగా, మారుమూల ఊళ్ళలో సైతం వైద్యం నడపొచ్చని నిరూపించిన వాళ్ళలో అతనొకడు. ఇందూరు జిల్లాలో ఒక చిన్న స్టేషన్ నుంచి ఆఫ్రికా దాకా ఉన్న ఆ గీత గురించి మా పాఠ్యపుస్తకాల్లో ఒక్క ముక్క లేదు.

*

‘సేవ’ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. గుళ్ళో సుప్రభాత సేవ ఉంది, టికెట్ ఉంటుంది. రాజకీయ నాయకుడు ప్రజాసేవ చేస్తాడు. తెలుగు క్రైస్తవుల వాడుకలో ‘ఆయన సేవలో ఉన్నారు’ అంటే పాస్టరుగా ఉన్నారని. దైవసేవకుడు అంటే కూడా అదే. ఇన్ని సేవల్లో ఒకరి పుండు కడిగే సేవ ఎక్కడుందో వెతుక్కోవాలి. తెలుగు బైబిలు మాత్రం, యేసు తన పని గురించి చెప్పుకునే ముఖ్యమైన చోట, ‘పరిచారము’ అంటుంది. పరిచారకుడంటే దగ్గరుండి కావలసినవి చూసేవాడు. ఈ మాటలో వేదిక లేదు. యోహాను సువార్తలో గురువు నడుముకి తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడుగుతాడు. ఆ రోజుల్లో అది ఇంటి బానిస పని. దాన్ని ఇప్పుడు పవిత్ర గురువారం నాడు చాలా చర్చిల్లో ఒక ఆచారంలా చేస్తారు. కడగబోయే కాళ్ళు ముందే కడుక్కుని వస్తారు.

కుష్ఠు రోగి విషయంలో కాళ్ళు కడగడం ఆచారం కాదు, వైద్యం. ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా చెప్పినవాడు పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో మిషనరీ దంపతులకి పుట్టాడు. చిన్నప్పుడొక రోజు ముగ్గురు కుష్ఠు రోగులు వాళ్ళింటికి వచ్చారు. పిల్లల్ని దూరంగా ఉండమన్నారు. తండ్రి వాళ్ళ పాదాలు కడిగి కట్లు కట్టడం పిల్లవాడు దూరం నుంచే చూశాడు. ఆ తండ్రి కొడుక్కి సేవ గురించి ఉపన్యాసం ఏం చెప్పాడో మనకి అనవసరం, పైగా ఆ రోజు చెప్పింది ‘దగ్గరికి రావద్దు’ అనే. పెద్దయ్యాక పాల్ వెల్లూరు సీఎంసీలో సర్జన్ అయ్యాడు. రోగం వేళ్ళని కొరుక్కుతినదని, స్పర్శ పోవడం వల్ల దెబ్బ తగిలినా తెలియక, పుండు మీద నడిచి నడిచి పాదం పోతుందని తేల్చాడు. వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు. చెప్పులో రాయి ఉన్నా తెలియదు. నొప్పి లేకపోవడమే ఆ రోగం అసలు శాపం.

నా మట్టుకు నాకు పిల్లలకి సేవ నేర్పడం గురించి ఈ ఉదాహరణ చాలా పుస్తకాల కంటే ఎక్కువ చెప్పింది. పిల్లవాడు చూసింది ఒక దయగల ముఖం కాదు, ఒక పని. నీళ్ళు, గుడ్డ, కట్టు. ఎంత గట్టిగా కట్టాలి, ఎక్కడ వదులుగా ఉంచాలి అన్న నైపుణ్యం. దయకి నైపుణ్యం తోడైతేనే అది ఎదుటి మనిషికి పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మేం జూనియర్లకి ‘యూజర్ అంటే ప్రేమ ఉండాలి’ అని చెప్పం. పక్కన కూర్చోబెట్టుకుని ఒక బగ్ సరిచేసి చూపిస్తాం.

మా బళ్ళో ఒకసారి మమ్మల్ని బస్సెక్కించి రోగుల దగ్గరికి పళ్ళ పంపకానికి తీసుకెళ్ళారు. ఏ బడో చెప్పను. వరసలో వెళ్ళాలి, తలా రెండు అరటిపళ్ళు పెట్టాలి, ఏమీ ముట్టుకోవద్దు. ముట్టుకోవద్దు అన్న మాట ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. తిరిగొచ్చాక డెట్టాల్ నీళ్ళతో చేతులు కడిగించారు. కుష్ఠు అంత తేలిగ్గా అంటుకునేది కాదనీ, మందు మొదలెట్టాక రోగి నుంచి ఇంకొకరికి సోకే ప్రమాదం దాదాపు పోతుందనీ అప్పటికే లోకానికి తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సని సిఫారసు చేసింది 1981లో. ఆ రోజు మాకు సేవ నేర్పామని బడి అనుకుంది. మేం నేర్చుకున్నది భయం. దానికి అరటిపళ్ళు పూత.

*

ఇప్పుడు అవతలి వైపు నుంచి చూడాలి. మిషన్లు మన దగ్గరికి వచ్చినప్పుడు చర్చిలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. నిజాం తెలంగాణలో ఆ ఇళ్ళ పిల్లలకి సేవ గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. దాని పేరు వెట్టి. అధికారి ఊళ్ళోకొస్తే మూటలు మొయ్యాలి, గుర్రానికి గడ్డి తేవాలి, కబురు పట్టుకుని పక్కూరికి పరిగెత్తాలి, దొర గడీలో చాకిరీ చెయ్యాలి. కూలి లేదు, కాదనే హక్కు లేదు. ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదలై, 1937లో నిజామాబాద్‌లో కూడా జరిగింది. ఆ సభల్లో వెట్టి గురించి మాట్లాడక తప్పని పరిస్థితి. తండ్రి వెట్టి చేస్తున్న పిల్లవాడికి ఆదివారం బడిలో ‘ఇతరులకు సేవ చెయ్యి’ అని చెబితే ఏమర్థమవుతుంది? ఇంటి నుంచి తెచ్చుకున్న గొలుసుకే చర్చిలో మెరుగు పెట్టి ఇచ్చినట్టు కాదా?

కాకపోవడానికి ఒక అవకాశం ఉంది, అది పిడికెడు బియ్యంలో కనిపిస్తుంది. తెలుగు చర్చిల్లో పాత అలవాటిది. వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఇంటావిడ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారం తిరిగేసరికి అది చర్చికి వెళుతుంది, పంతులుకో, తమకంటే లేనివాళ్ళకో. బయటివాళ్ళ కంటికి వీళ్ళు పుచ్చుకునేవాళ్ళు. తమ కుండ దగ్గర వీళ్ళు ఇచ్చేవాళ్ళు. తల్లి చెయ్యి రోజూ ఆ కుండ వైపు వెళ్ళడం చూస్తూ పెరిగిన పిల్లకి ఒక సంగతి అర్థమవుతుంది: అడిగి తీసుకెళ్ళే దొర లేడు, తూకం వేసే పట్వారీ లేడు, ఇవ్వకపోయినా ఎవరూ కొట్టరు, అయినా మా అమ్మ ఇస్తోంది. వెట్టికీ దీనికీ ఉన్న తేడా అదే. కాదనగలిగినవాడు ఇచ్చినప్పుడే అది ఇవ్వడం.

దీన్ని గట్టిగా నమ్మినవాడు వి.ఎస్. అజరయ్య. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్. దోర్నకల్ కూడా నిజాం రాజ్యమే. ఆయన దగ్గర బాప్తిస్మం తీసుకునేవాళ్ళు తమ తల మీద తామే చెయ్యి పెట్టుకుని, ఈ సువార్త నేను పదిమందికీ చెప్పకపోతే నాకు శిక్ష అనే అర్థం వచ్చేలా ప్రమాణం చేసేవారు. చదువురాని కూలీ కూడా, చేరిన మొదటి రోజే, పుచ్చుకునే వరస నుంచి చేసే వరసలోకి మారాలన్నది ఆయన పట్టుదల. మెదక్‌లో చార్లెస్ పోస్నెట్ వేరే దారి పట్టాడు. 1914లో మొదలై 1924 క్రిస్మస్‌కి పూర్తయిన ఆ పెద్ద చర్చి కరువు కాలంలో పనికి తిండి ఇచ్చిన కట్టడమని అందరికీ తెలుసు. ఊరికే పెట్టడం కాకుండా పనిచ్చి పెట్టడం. గౌరవం నిలిపే పద్ధతే, నిజమే. కానీ ఏం కట్టాలో నిర్ణయించినవాడు ఒకడు, మోసినవాళ్ళు ఇంకొకరు. నాకు మెదక్ గోపురం కంటే పిడికెడు బియ్యం కుండే పెద్దదిగా కనిపిస్తుంది. ఒప్పుకోనివాళ్ళు ఉంటారు, ఆ చర్చి అందం చూశాక ముఖ్యంగా.

అజరయ్యకీ గాంధీకీ 1930లలో గట్టి అభిప్రాయభేదం నడిచింది. సేవ చెయ్యండి, మతం మార్చే ఉద్దేశం దాని వెనక ఉండకూడదు అన్నది గాంధీ వాదన. దళితుడు తన దేవుణ్ణి తాను ఎంచుకోలేనంత అమాయకుడా అన్నది అజరయ్య వైపు వాదన. ఇద్దరూ నాకు చెరి సగం ఒప్పే. పెద్దవాడి విషయంలో అజరయ్య మాటకే ఓటేస్తాను. పెద్దవాణ్ణి ‘బియ్యం కోసం మారాడు’ అని వెక్కిరించడంలో కులాహంకారం తప్ప ఏమీ లేదు. ఆసుపత్రి మంచం మీది రోగి, హాస్టల్లో ఉన్న పిల్లవాడి విషయానికొస్తే గాంధీ అడిగిన ప్రశ్న అలాగే నిలబడి ఉంటుంది. వాళ్ళు కాదనగలరా? కాదన్నా అన్నం, మందు ఆగవని వాళ్ళకి తెలుసా? విశ్వాసం సేవకి కారణం అయితే నాకు పేచీ లేదు. అది సేవకి ఫీజు అవుతోందా అన్నదే చూడాలి.

కుష్ఠు ఆశ్రమాల చరిత్రలో పిల్లలకి సంబంధించిన ఒక చీకటి గది కూడా ఉంది. ఆ రోజుల్లో మిషన్ ఆశ్రమాలు చాలాచోట్ల రోగుల పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, విడిగా హోముల్లో పెంచేవి. రోగం సోకని పిల్లలని వాళ్ళకో పేరు. మందు లేని కాలంలో, పసిపిల్లలకి సోకే ప్రమాదం ఎక్కువ కాబట్టి, వైద్యపరంగా దానికొక తర్కం ఉంది. చదువూ తిండీ దొరికాయి, కొందరు నర్సులై టీచర్లై బతికి బట్టకట్టారు. కాని బిడ్డని కంచె అవతలి నుంచి చూసిన తల్లి వైపు నుంచి ఎవరూ పెద్దగా రాయలేదు. సేవ పొందినవాళ్ళ దగ్గర కలాలు ఉండవు. రిపోర్టులు రాసేది, ఫొటో తీసేది, మెడల్ తీసుకునేది ఎప్పుడూ ఇవతలివాళ్ళే.

అందుకే కుష్ఠు కాలనీల చరిత్రలో నన్ను పట్టుకున్న ఘట్టం ఎక్కడంటే, రోగులే పనివాళ్ళైన చోట. కొంచెం నయమైన రోగి ఇంకో రోగికి కట్టు కట్టడం, మందు కలపడం, గోడ కట్టడం, కూరగాయలు పండించడం. సిబ్బంది కొరత వల్ల మొదలైన పద్ధతే అయ్యుంటుంది, ఆదర్శం వల్ల కాకపోవచ్చు. కారణం ఏదైనా, ‘పుచ్చుకునేవాడు’ అనే ముద్ర అక్కడ చెరిగింది. మన పక్కనే, పెనుగంగ అవతల, చంద్రపూర్ జిల్లాలో బాబా ఆమ్టే 1949లో మొదలెట్టిన ఆనందవనం దీన్నే సిద్ధాంతం చేసుకుంది. దానం మనిషిని కూలుస్తుంది, పని నిలబెడుతుంది అన్నది ఆయన మాట సారాంశం. సోమనాథ్‌లో ఆయన కాలేజీ పిల్లలకి శ్రమ శిబిరాలు పెట్టాడు. పిల్లలు అక్కడికి పళ్ళు పంచడానికి వెళ్ళరు. పార పట్టుకోవడానికి వెళతారు.

*

1923లో మొదలైన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కాలవ నీళ్ళతో చెరుకు వచ్చింది, చెరుకు కోసం బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు చెప్పుకునేవాళ్ళు. వెట్టి తప్ప ఇంకో పని ఎరగని ఇళ్ళకి నెల జీతం, సైరను మోత, యూనియన్ అనే మూడు కొత్త మాటలు అప్పుడే తెలిశాయి. పని చేస్తే డబ్బివ్వాలి అన్న నియమం ఊళ్ళోకి వచ్చాకే, డబ్బు తీసుకోకుండా చేసే పనికి కూడా విలువ ఏర్పడుతుంది. అంతకుముందు రెండూ ఒకేలా కనిపిస్తాయి. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. జీతాలు పోయిన ఇళ్ళ మీద ఎన్ని మీటింగులు జరిగాయో, ఎంతమంది నాయకులు ప్రజాసేవ చేశారో బోధన్ వాళ్ళని అడగండి.

ఇవాళ సేవ నేర్పే పనికి మనం కొత్త రసీదు పుస్తకాలు తయారుచేసుకున్నాం. 1969లో గాంధీ శతజయంతికి మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్ళకి 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. మా ఆఫీసుల్లో వలంటీరింగ్ డే అని ఒకటుంటుంది, టీషర్టు ఇస్తారు, గంటలు పోర్టల్లో ఎక్కించాలి. ఆంధ్రాలో 2019 నుంచి కొన్నేళ్ళు వలంటీరు అంటే నెలకి ఐదు వేలు గౌరవ వేతనం తీసుకునేవాడని అర్థం. చర్చిల్లో వేసవి సెలవులకి వీబీఎస్ ఉంటుంది. పాటలు, యాక్షన్లు, కంఠస్థ వాక్యాలు, ఆఖరి రోజు కానుక. వీటన్నిటినీ ఎగతాళి చెయ్యడం తేలిక, నేను చెయ్యను. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో మొదటిసారి తట్ట మోసి, ఊళ్ళో ఎవరింట్లోనో అన్నం తిని, ఆ ఇంటి కులం అడగకుండా లేచినవాళ్ళు నాకు తెలుసు. గంటలు లెక్కపెట్టినా ఫరవాలేదు. ఆ గంటల్లో అవతలి మనిషి పిల్లవాడికి ఏమైనా నేర్పడానికి సందు ఉందా అని నేను చూస్తాను. బర్త్‌డే కేకులో ఆ సందు లేదు. పళ్ళ పంపకంలో అసలు లేదు.

కుష్ఠు మాత్రం పోలేదు. 2005లో దేశస్థాయిలో నిర్మూలన లక్ష్యం చేరామని ప్రకటించుకున్నాం, అంటే పదివేల మందికి ఒకరి కంటే తక్కువ అని. ఇప్పటికీ ఏటా సుమారు లక్ష కొత్త కేసులు బయటపడుతున్నాయి, ప్రపంచంలో సగానికి పైగా మన దగ్గరే. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు ఇవ్వొచ్చన్న నిబంధనని మన చట్టాల నుంచి తీసేసింది 2019లో. హాన్సెన్ దాన్ని కనిపెట్టిన 146 ఏళ్ళకి, పూర్తిగా నయం చేసే మందు వచ్చిన దాదాపు నలభై ఏళ్ళకి.

మందుతో రోగం నయమైపోయినా పోయిన స్పర్శ చాలామందికి తిరిగి రాదు. అందుకని వాళ్ళు బతికినన్నాళ్ళూ రోజూ చెయ్యవలసిన పని ఒకటుంటుంది. సాయంత్రం ఒక బేసిన్లో మామూలు నీళ్ళు పోసి అందులో పాదాలు కాసేపు నానబెట్టాలి. గట్టిపడ్డ చర్మాన్ని మెల్లగా గీకాలి. తడి ఆరకముందే నూనె రాయాలి. తర్వాత అరికాలు తిప్పి, వేళ్ళ సందులు విప్పి, ఎక్కడైనా బొబ్బ ఉందా, ఎర్రబడిందా, ముల్లు దిగిందా అని చూసుకోవాలి. నొప్పి చెప్పదు కాబట్టి కళ్ళే చెప్పాలి. కొందరికి ఈ రోగం కళ్ళని కూడా దెబ్బతీస్తుంది, వయసు మీదపడితే ఉన్న చూపు తగ్గుతుంది. అప్పుడు ఇంకొకరు చూడాలి. ఇంట్లో చూపు బాగా ఆనే మనవడో మనవరాలో ఉంటే దీపం దగ్గర కూర్చుని ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసేది వాళ్ళే. ఎక్కడ నొక్కాలో, ఏ మచ్చ పాతదో, ఏది కొత్తదో ఆ ముసలాయనే చెబుతుంటాడు.